పనిబల్ల కింది ఖాళీలో సొరుగుల పెట్టె: కొనడమా, చేసుకోవడమా?

సాగరతీరం:

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఇంటి వెనుక వసారాలో చెక్కపని కోసం ఒక బల్ల అమర్చుకున్నాను. దాని పొడవు 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 34 అంగుళాలు. పైపలక 3 అంగుళాల మందం గల టేకు. కాళ్ళ మధ్య 45 అంగుళాల ఖాళీ ఉంది. కింది అడ్డపట్టెల పైఅంచు నుంచి పలక అడుగు వరకు 23 అంగుళాలు వస్తుంది. ప్రస్తుతం ఉలులు, చిత్రికలు, మూలమట్టాలు అన్నీ ఒక పాత ట్రంకు పెట్టెలో ఉంటున్నాయి. కావలసిన ఉలి ఎప్పుడూ అడుగునే ఉంటుంది, పైగా ఇనుము ఇనుముకు తగిలి పదును పోతోంది.

ఆ ఖాళీ మొత్తాన్ని నింపేలా 18 మి.మీ. ప్లైవుడ్‌తో సొరుగుల పెట్టె చేయాలని అనుకుంటున్నాను. ఇంట్లోవారు మాత్రం, ఆఫీసు టేబుళ్ళ కింద ఉండే ఇనుప సొరుగుల పెట్టెలు పాత సామాను దుకాణాల్లో దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకని అడుగుతున్నారు. బల్లకు ఎడమ వైపున 9 అంగుళాల వైస్ (చెక్కను దవడల మధ్య బిగించి పట్టే సాధనం) ఉంది. పలకలో హోల్డ్‌ఫాస్ట్‌ల (చెక్కను బల్లకు అదిమిపట్టే ఇనుప కొక్కేల) కోసం 19 మి.మీ. రంధ్రాలు వేసి ఉన్నాయి. కొనడం మేలా, చేసుకోవడం మేలా, చేసుకుంటే సొరుగులకు టెలిస్కోపిక్ ఛానళ్ళు (ఒకదానిలోంచి ఒకటి జారే లోహపు పట్టాలు) వాడాలా అన్న విషయాల్లో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

చిత్రికపొట్టు:

సాగరతీరం గారూ, కొనడమా చేయడమా అన్నది తరువాత చూద్దాం. ముందుగా ఖాళీ మొత్తాన్ని నింపాలన్న ఆలోచనను వదులుకోవాలి. హోల్డ్‌ఫాస్ట్‌ను రంధ్రంలో దించి సుత్తితో కొట్టినప్పుడు దాని కాడ పలక కిందికి నాలుగైదు అంగుళాలు పొడుచుకు వస్తుంది. పట్టిన చెక్క ఎంత పలుచన అయితే అంత కిందికి దిగుతుంది. పెట్టె కప్పు పలకకు ఆనుకొని ఉంటే కాడ దిగనే దిగదు. వైస్‌ను బిగించే మరా, దాని రెండు కడ్డీలూ పలక కిందుగా వెనక్కి జరుగుతాయి కనుక వాటికీ చోటు కావాలి. అందువల్ల పలక అడుగుకూ పెట్టె కప్పుకూ నడుమ కనీసం 6 అంగుళాలు వదలండి. మీ వైస్ ఎంత లోతుకు దిగిందో కొలిచి, అంతకు మించి కావలసి వస్తే ఆ లెక్కే పాటించండి. ఈ ఖాళీ వృథా పోదు. పలక అంచుకు క్లాంపు బిగించేటప్పుడు దాని కింది దవడకు చోటు దొరికేది అక్కడే, పని మధ్యలో ఉలినో సుత్తినో పక్కన పెట్టుకునేదీ అక్కడే.

23లో 6 పోతే పెట్టె ఎత్తు 17 అంగుళాలు. పైన, కింద 18 మి.మీ. పలకలు పోగా లోపల పదిహేనున్నర మిగులుతుంది. అందులో 3½, 4½, 7 అంగుళాల ముఖాలతో (ముందు పలకలతో) మూడు వరుసల సొరుగులు, సందులతో సహా, సరిగ్గా పడతాయి. పై వరుస ఉలులకూ గీతలు గీసే పనిముట్లకూ, అడుగు వరుస చిత్రికలకూ కేటాయించండి. ముఖం 7 అంగుళాలున్నా అడుగు ప్లైవుడ్, గాడి పోగా లోపల ఆరుకు మించి దొరకదు కాబట్టి, మీ దగ్గరున్న చిత్రికల్లో అన్నిటికన్నా ఎత్తైనదాన్ని నిలబెట్టి కొలిచాకే కోత మొదలుపెట్టండి.

మరొక మాట. పెట్టెను ఎట్టి పరిస్థితుల్లోనూ పైపలకకు స్క్రూలతో బిగించవద్దు. 2 అడుగుల వెడల్పున్న నిండు చెక్క, టేకైనా సరే, వానాకాలంలో అడ్డంగా కొంత ఉబ్బి ఎండాకాలంలో ముడుచుకుంటుంది. ప్లైవుడ్ దాదాపు కదలదు. రెంటినీ కట్టిపడేస్తే ఏదో ఒకటి పగులుతుంది. కింది అడ్డపట్టెలపై కూర్చోబెట్టి వాటికే స్క్రూలు వేస్తే చాలు. నిండిన పెట్టె బరువు బల్ల అడుగున చేరడం వల్ల, చిత్రిక పట్టేటప్పుడు బల్ల జరగడం కూడా తగ్గుతుంది.

ఉలిపట్టు:

పై కొలతలతో ఏకీభవిస్తున్నాను. ఛానళ్ళ విషయంలో మాత్రం నాది గట్టి అభిప్రాయం: సముద్రపు గాలి తగిలే చోట, అదీ రంపపు పొట్టు రాలే చోట, వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఛానల్‌లో ఉక్కు గుండ్లు గ్రీజులో దొర్లుతుంటాయి. ఆ గ్రీజుకు సన్నని పొట్టు అంటుకొని ముద్దకడుతుంది, జింకు పూత గీసుకుపోయిన చోట ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి కొంటే తుప్పు బాధ తగ్గుతుంది గానీ పొట్టు బాధ అలాగే ఉంటుంది. పైగా పక్కకు సుమారు 13 మి.మీ. చొప్పున ప్రతి సొరుగుకూ అంగుళం వెడల్పు పోతుంది.

సొరుగు పక్క చెక్కకు బయటివైపు గాడి తీసి, పెట్టె గోడకు బిగించిన గట్టి చెక్క బద్దపై దాన్ని నడపడం పాత పద్ధతి. బద్దకు టేకుగానీ నల్లతుమ్మగానీ సరిపోతుంది. కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు, బిగుసుకున్నట్లు అనిపించినప్పుడు మళ్ళీ రుద్దుకోవచ్చు. గాడి తీయాలి కనుక పక్క చెక్క 12 మి.మీ. చాలదు, 18 మి.మీ. ఉండాలి.

అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. లోతు కన్నా వెడల్పు ఎక్కువైన సొరుగును ఒక మూల పట్టి లాగితే వంకర తిరిగి పట్టేస్తుంది. మీ పెట్టెలో నడుమ ఒక్క గోడ వేసి రెండు అరలు చేస్తే ఒక్కొక్కటి 21 అంగుళాలు వస్తుంది. 18 అంగుళాల లోతు గల సొరుగుకు అది ఎక్కువ. రెండు గోడలు వేసి మూడు అరలు చేయండి. అప్పుడు సొరుగు వెడల్పు 14 అంగుళాల లోపే ఉండి, ఎటు పట్టి లాగినా తిన్నగా వస్తుంది. 14 అంగుళాల పొడవుండే ఐదో నంబరు చిత్రిక లోతు వెంబడి సులువుగా పడుతుంది. చేతి రంపాలు మాత్రం పట్టవు. వాటిని గోడకు తగిలించుకోవడమే మేలు.

పెట్టె కప్పును ముందుకు ఒక అంగుళం పొడిగించడం మరచిపోవద్దు. పలక రంధ్రాల్లోంచి రాలే పొట్టు సొరుగుల సందుల్లోకి పోకుండా ఆ చూరు ఆపుతుంది.

మూలమట్టం:

ఇంట్లోవారి ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి కదా. ఆఫీసు ఇనుప పెట్టెలు చాలావరకు రెండడుగుల ఎత్తుకు అటూఇటూ ఉంటాయి. మీకు మిగిలింది 17 అంగుళాలు కనుక చక్రాలు తీసేసినా పట్టవు. వాటి అడుగు సొరుగు ఫైళ్ళు నిలబెట్టడానికి చేసింది కాబట్టి పనిముట్లు అందులోనూ గుట్టగానే పడి ఉంటాయి. వంటింటి అరలు చేసేవారికి అప్పగించాలనుకున్నా జాగ్రత్త అవసరం. మన వడ్రంగులు సంప్రదాయంగా నేలపై కూర్చొని, చెక్కను కాలితో అదిమిపట్టి పని చేసేవారు. నిలబడి పనిచేసే బల్ల, దాని కింద సొరుగులు అన్నవి ఇక్కడి దుకాణాలకు అంతగా అలవాటు లేని వస్తువులు. కొలతల కాగితం మీరు ఇవ్వకపోతే, పార్టికల్ బోర్డుతో గిన్నెల అర ఒకటి చేసి ఇస్తారు.

ప్లైవుడ్‌లో ఎంఆర్ గ్రేడ్ (తేమను తట్టుకునేది) ఇంటి లోపలి పనికి సరిపోతుంది; మీది వసారా కనుక బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది) గానీ, ఐఎస్ 710 అనే భారత ప్రమాణ ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ గానీ తీసుకోండి. లెక్క వేసి చూశాను: 8 × 4 అడుగుల 18 మి.మీ. షీట్లు రెండింటిలో పెట్టె, సొరుగుల పక్కలు, ముఖాలు అన్నీ వచ్చి కొంత మిగులుతుంది. సొరుగుల అడుగులకూ వెనుక పలకకూ 6 మి.మీ. షీటు ఒకటి చాలు. పెట్టెకూ గోడకూ నడుమ రెండు అంగుళాలు వదిలితే చెద ఎక్కినా కంటపడుతుంది. తుప్పు రాకుండా సొరుగుల్లో కర్పూరం బిళ్ళలు వేయడం కొందరికి అలవాటు. నేను మాత్రం ఉక్కుపై కుట్టు మిషను నూనెతో పలుచగా తుడవడాన్నే నమ్ముతాను.

సాగరతీరం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు అరలు, తొమ్మిది సొరుగులు, చెక్క బద్దలు అని నిర్ణయించుకున్నాను. వైస్ అడుగు పలక కిందికి 5 అంగుళాలే దిగింది కనుక 6 అంగుళాల ఖాళీ సరిపోతుంది. ఒక్క సందేహం మిగిలింది: మైనం పూసిన బద్దలపై, చిత్రిక పట్టే కుదుపులకు సొరుగులు వాటంతట అవే ముందుకు జారవా?

చిత్రికపొట్టు:

జారకుండా బద్ద వెనుక కొసను ముందు కొస కన్నా 2 మి.మీ. కిందికి బిగించండి, సొరుగు దాని బరువుతోనే వెనక్కి నిలుస్తుంది. ఆ వాలు ఉంది కాబట్టి సొరుగు పైన, ముందువైపు సందు కొంచెం ఎక్కువగా ఉంచాలి, లేకపోతే లాగేటప్పుడు వెనుక కొస పైకి లేచి పై సొరుగుకో పెట్టె కప్పుకో తగులుతుంది. ఉలుల సొరుగులో విడి పలక ఒకటి వేసి, ఒక్కో ఉలి వెడల్పుకు తగిన గాడి తీసి, పదును కొస వెనక్కి, పిడి మీ వైపుకు ఉండేలా పడుకోబెట్టండి. పలకను అడుగుకు అంటించవద్దు. కొత్త ఉలి కొన్న రోజున దాన్నే తీసి మార్చుకోవాలి.