అప్‌డేట్: తల్లి లేని పిల్లికూన, ముక్కులోంచి పాలు రావడం ఆగింది

కళ్లు అప్పుడే తెరిచిన కూనకు ఆవుపాలు పడితే విరేచనాలు అవుతున్నాయి, ముక్కులోంచి పాలు వస్తున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా. 9 రోజులైంది. అప్పుడు 230 గ్రాములు, ఇవాళ పొద్దున 335!

ముందు ముక్కు సంగతి. వెల్లకిలా పట్టుకుని సిరంజి గట్టిగా నొక్కడమే తప్పు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఇప్పుడు తువ్వాలు మీద బోర్లా ఉంచి, తల కొంచెమే పైకెత్తి, 1 మి.లీ. సిరంజితో నోటి పక్కనుంచి చుక్క చుక్కగా పడుతున్నాం. ఒకటి మింగాకే ఇంకోటి. చప్పరించేటప్పుడు చెవులు టపటపా ఆడుతున్నాయంటే బాగా తాగుతున్నట్టే.

ఆవుపాలు పూర్తిగా మానేశాం. కూనకు కావలసిన ప్రొటీన్, కొవ్వు అందులో చాలవు, లాక్టోజ్ అరగదు. పిల్లికూనల పాలపొడి గోరువెచ్చగా కలిపి రోజుకు ఆరుసార్లు. మొదట పూటకు 9 మి.లీ., ఇప్పుడు 13. అంటే 100 గ్రాముల బరువుకు సుమారు 4 మి.లీ. ఆకలిగా అరిచిందని అంతకు మించి పడితే పొట్ట ఉబ్బి మళ్లీ విరేచనాలే.

ఒళ్లు చల్లగా ఉంటే మాత్రం పాలు పట్టకండి, అరగవు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పడుకోబెట్టి, మెల్లగా వెచ్చబడ్డాకే పట్టాలి.

ప్రతిసారీ తాగాక తడి దూదితో తోక కింద మెల్లగా తుడుస్తున్నాం, లేకపోతే మూత్రం రాదు. మలం ఇప్పుడు పసుపు రంగులో మెత్తటి ముద్దలా వస్తోంది. నాలుగో వారం నిండాక పళ్లెంలో పాలలో నానబెట్టిన మెత్తటి తిండి మొదలుపెడతాం.