మిద్దె తోటలో నాటు విత్తనాలే వేయాలన్న నిబంధన సబబేనా?

కూకట్‌పల్లి_కుండీలు:
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద పదకొండు ఇళ్లవాళ్లం కలిసి ఈ మృగశిర కార్తె నుంచి కూరగాయలు పెంచుదామనుకున్నాం. టబ్బులు, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, స్లాబ్‌కి వాటర్‌ప్రూఫింగ్... వీటి దగ్గర రాని గొడవ విత్తనాల దగ్గర వచ్చింది. కమిటీలో ఒక పెద్దాయన "నాటు విత్తనం తప్ప ఏదీ మిద్దె ఎక్కడానికి వీల్లేదు, హైబ్రిడ్ అంటే జన్యుమార్పిడి సరుకే" అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాన్ని నిబంధనగా రాసుకోవాలంటున్నారు. మూడో అంతస్తు ఆంటీ "నాలుగు పిందెలు చూసి మురిసిపోవడానికా ఇంత ఖర్చు?" అని ఎదురు తిరిగారు. ఆదివారం చేతులెత్తించి తేలుస్తారట. వేద్దామనుకున్నవి టమాట, వంగ, బెండ, మిరప, బీర, సొర, చిక్కుడు, ఆకుకూరలు. మీరైతే చెయ్యి ఎటు ఎత్తుతారు? కారణంతో సహా చెప్పండి, అక్కడ మాట్లాడాల్సింది నేనే.

నల్లరేగడి:
నా చెయ్యి పెద్దాయన వైపే. జన్యుమార్పిడి మాట మాత్రం తప్పు, దాన్ని పక్కన పెట్టండి. హైబ్రిడ్ టమాట తినాలంటే రైతుబజారుకి వెళ్తే సరిపోతుంది, దానికి మట్టి మోయడం ఎందుకు? ఇంటి తోట ఉన్నదే బజారులో దొరకనిది పండించుకోడానికి. పైగా గింజ మన చేతిలో ఉండాలి. మా అమ్మ బీరపాదుకి మొదటి కాపులో మంచి కాయ ఒకటి విత్తనానికి వదిలేసేది. అది పందిరి మీదే ఎండి గలగలమనేది. వంగ గింజలు బూడిదలో కలిపి, పేడతో గోడకి కొట్టి దాచేది. విత్తనానికి బజారుకి వెళ్లడం ఆవిడ ఎరగదు.

2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా గింజ దాచుకునే హక్కు, పంచుకునే హక్కు రైతుకి ఇచ్చింది. ఏటా పొట్లం కొనుక్కునేవాడికి ఆ హక్కుతో పనేముంది? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చిరుధాన్యాలు, పప్పుల గింజలు దాచి ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. చదువుకున్న పదకొండు ఇళ్లవాళ్లు నాలుగు కూరగాయల గింజలు దాచుకోలేరా?

టమాట_మడి:
మాది మదనపల్లె పక్క. అమ్మకానికి టమాట పెడతాం. మా నాయన కాలంలో నాటు టమాట వేసినారు, ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరూ వెయ్యరు. ఆకుముడత అంటే ఏందో మీ పెద్దాయన చూసుండడు. తెల్లదోమ తెచ్చే వైరస్ అది. చెట్టుకు తగిలినాక దానికి మందు లేదు. పైన ఆకులు ముడుచుకొని, చెట్టు గిడసబారి, పూత నిలవకుండా పోతుంది. మాకైతే ఎకరంలో కొన్ని చెట్లు పీకేసినా మిగిలింది చేతికొస్తుంది. మీకుండేదే ఆరు టబ్బులైతే నాలుగింటికి తగిలితే ఆ ఏడు కత అయిపోయినట్టే. మిద్దె ఎత్తుంది కదా దోమ రాదులే అనుకోవద్దండి. అది గాలిలో కొట్టుకొనొచ్చే పురుగు. తట్టుకునే హైబ్రిడ్ వేసుకుంటే ఆ భయం చానా వరకు తగ్గుతుంది.

నల్లరేగడి:
అన్నా, మీ లెక్క వేరు. మీ కాయ లారీ ఎక్కి నలగకుండా దిగాలి, మార్కెట్లో రెండు రోజులు నిలవాలి. తోలు మందంగా ఉండేదీ అందుకే. నాకు లారీ లేదు, మెట్లు దిగితే వంటిల్లే.

బెజవాడ_వంటిల్లు:
చారు దగ్గర మాత్రం నల్లరేగడి గారితో ఏకీభవిస్తాను. తోలు పల్చగా, రసంతో, పుల్లగా ఉండే కాయ అయితేనే టమాటా చారు. బజారులో దొరికే గట్టి కాయతో పెడితే చింతపండు లేకుండా గడవదు. బెండకాయకి మాత్రం ఈ తేడా నాకెప్పుడూ కనపడలేదు. లేతగా కోస్తే ఏ రకమైనా బాగుంటుంది, రెండు రోజులు వదిలేస్తే నాటుదైనా పీచే. గుత్తి వంకాయకి కూడా కాయ చెట్టు నుంచి ఎప్పుడు కోశారన్నదే నేను చూసుకుంటాను. పొద్దున కోసి పొద్దున్నే వండితే సగం రుచి అక్కడే వచ్చేస్తుంది. నాటు, హైబ్రిడ్ అని అన్ని కూరలకీ కలిపి ఒకే రూలు ఎందుకో నాకర్థం కాలేదండీ.

పుంటికూర:
గింత లొల్లి అవసరమా? సగం తోటకు ఈ ముచ్చటే లేదు. పుంటికూర, చుక్కకూర, తోటకూర గింజలు ఎక్కడ తెచ్చినా మన గింజలే. ఒక తోటకూర చెట్టును గింజకు ఇడిస్తే మొత్తం అపార్ట్‌మెంటుకు సాలుతయ్. బచ్చలి, దొండ తీగముక్క నాటితే వస్తయ్, గింజ కూడ అక్కర్లేదు. ముందు గవి పెట్టుకోండ్రి. కొట్లాడేటందుకు టమాట ఎట్లనో ఉండనే ఉన్నది.

పాత_విత్తన_ఉద్యోగి:
విత్తనాల శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ అందరూ రెండు పేర్లే చెబుతున్నారు, మధ్యలో మూడోది ఒకటుంది. సూటి రకాలు. పరిశోధన కేంద్రాలు ఎంపిక చేసి స్థిరపరిచినవి. గింజ తీసి మళ్లీ వేసినా తల్లిలాగే వస్తాయి. టమాటలో అర్క వికాస్, పూసా రూబీ, పీకేఎం-1. వంగలో భాగ్యమతి, శ్యామల. మిరపలో గుంటూరు లాం నుంచి వచ్చిన ఎల్‌సీఏ-334, 353. బెండలో అర్క అనామిక, పర్భని క్రాంతి. "నాటు" అంటూ పొట్లాల్లో అమ్మేవాటిలో ఇవి కూడా ఉంటాయి, పేరు చెప్పరు, అంతే.

ఇక పెద్దాయన మాట. హైబ్రిడ్ అంటే రెండు తల్లిదండ్రుల రకాలను కావాలని సంకరం చేస్తే వచ్చిన మొదటి తరం గింజ. బయటి నుంచి జన్యువు తెచ్చి దూర్చడం వేరే పని. మన దేశంలో రైతుల పొలాలకు వాణిజ్యంగా అనుమతి దక్కిన జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రమే ఆపేసింది. కాబట్టి షాపులో చట్టబద్ధంగా దొరికే ఏ కూరగాయ విత్తనమూ జన్యుమార్పిడిది కాదు. హైబ్రిడ్ అనగానే ప్రైవేటు కంపెనీ అనుకోవడమూ సరికాదు. అర్క రక్షక్ టమాట హైబ్రిడే. చేసింది బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు. మదనపల్లె మిత్రుడు చెప్పిన సమస్యకు అది సూటి జవాబు.

కూకట్‌పల్లి_కుండీలు:
సార్, అర్క రక్షక్ కాయల నుంచే గింజలు తీసి మళ్లీ వేస్తే మొలవవా?

పాత_విత్తన_ఉద్యోగి:
భేషుగ్గా మొలుస్తాయి. హైబ్రిడ్ గింజ గొడ్డుదన్నది ఉత్త పుకారు. కాకపోతే రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి. ఒక మొక్క పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా, కాయలు తలో తీరుగా వస్తాయి. ఒకే ప్రబల జన్యువు (జతలో ఒక్కటి ఉన్నా తన గుణం చూపించేది) మీద నిలిచిన గుణమైతే సగటున నాలుగు మొక్కల్లో మూడింటికి అందుతుంది, నాలుగోదానికి అందదు. పొలంలో ఇది నష్టం. మిద్దె మీద సరదాకి వేసుకుంటే నేను వద్దనను. ఆ గింజలు పక్కింటివాళ్లకి "మంచి రకం" అని ఇవ్వడం మాత్రం తప్పు.

తెగుళ్లను తట్టుకునే గుణం కూడా శాశ్వతం కాదు. పూసా సవాని బెండ వచ్చిన కొత్తలో పల్లాకు తెగులుకి (ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారే వైరస్ తెగులు) నిలబడింది, తరవాత లొంగిపోయింది. అడవి బెండతో సంకరం చేసి అర్క అనామిక తెచ్చారు, ఇప్పుడు దాని మీదా ఆ తెగులు కనిపిస్తోంది. నాటు రకమైనా ఇంతే, వైరస్ దానికేమీ మినహాయింపు ఇవ్వదు.

నల్లరేగడి:
సూటి రకాల మాట ఒప్పుకుంటాను. కానీ మా ఊరి ముళ్ల వంకాయ మీ జాబితాలో ఎక్కడుంది సార్? కేంద్రాలు పది రకాలు నిలబెడితే ఊళ్లలో వంద పోయాయి. అవి దాచేవాళ్లు ఎవరైనా ఉండాలి కదా. ఇలాంటి నిబంధనలు పెట్టుకున్న నాలుగు మిద్దెలైనా ఆ పని చేస్తే మంచిదే.

పాత_విత్తన_ఉద్యోగి:
దాచాలి, కాదనను. అసలు మీ నిబంధనకు అన్నిటికంటే బలమైన కారణం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, నేనే చెబుతాను. బీర, సొర, దోస, గుమ్మడి పరపరాగ సంపర్కం జరిగే పంటలు. మగపువ్వు, ఆడపువ్వు విడివిడిగా పూస్తాయి, తేనెటీగ ఎక్కడి పుప్పొడి ఎక్కడ వేస్తుందో మన చేతిలో ఉండదు. మిద్దె మీద మీరు నాటు బీర వేసి, మూడో అంతస్తు ఆంటీ హైబ్రిడ్ బీర వేస్తే ఈ ఏడు ఇద్దరి కాయలూ బాగానే ఉంటాయి. మీరు దాచిన గింజ మాత్రం కల్తీ అయిపోతుంది. వచ్చే ఏడు ఏం కాస్తుందో చెప్పలేం. కాబట్టి ఉమ్మడి మిద్దె మీద ఒక పాదుజాతికి ఒకే రకం అని రాసుకోవడంలో అర్థముంది. బీరకీ సొరకీ మధ్య సంకరం జరగదు, ఆ భయం వద్దు.

టమాటకి ఈ సమస్య దాదాపు లేదు, దాని పువ్వు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది. చిక్కుడు కూడా చాలావరకు అంతే. వంగ, మిరప, బెండ మధ్యరకం. తమలో తామే ఫలిస్తాయి గానీ పురుగులు తిరిగితే కొంత సంకరం అవుతుంది. వాటికి విత్తనానికి వదిలే కొమ్మ మీద, మొగ్గలు విచ్చకముందే పల్చటి గుడ్డసంచి కట్టండి. పిందె పడ్డాక సంచి తీసేసి, కొమ్మకి రంగుదారం కట్టి గుర్తుపెట్టుకుంటే సరి.

బెజవాడ_వంటిల్లు:
మా ఐదో అంతస్తుకి తేనెటీగలే సరిగా రావు సార్. సొర పిందెలన్నీ పసుపుపచ్చగా మారి రాలిపోతాయి.

పాత_విత్తన_ఉద్యోగి:
అయితే మీరే తేనెటీగ పని చేయాలమ్మా. బీర, సొర సాయంత్రం పూస్తాయి. గుమ్మడి, దోస పొద్దున్నే. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, సన్నటి కాడ మాత్రమే ఉన్నది మగది. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. గింజకి దాచే కాయ అయితే ముందే రెండు మొగ్గలకీ దారం కట్టి ఉంచి, విచ్చే వేళకి విప్పి, రాశాక ఆడపువ్వుని మళ్లీ కట్టేయాలి. చుట్టూ వంద హైబ్రిడ్ పాదులున్నా ఆ ఒక్క కాయ మీ రకమే.

డాలస్_దొండపాదు:
నాటు గింజల మీద మా కష్టం ఒకటి చెప్పనా? ఊరి నుంచి వచ్చిన చిక్కుడు గింజలు వేస్తే ఎండాకాలమంతా ఫెన్స్ నిండా ఆకులే. పగలు పొట్టి అయితేనే పూసే రకమట, సెప్టెంబరు దాటితే గానీ పూత లేదు. నాలుగు కోతలు కోసేలోపు మంచు పడిపోతుంది. ఇంకో సంగతి, ఇక్కడికి గింజలు తెచ్చేటప్పుడు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అమ్మలు చీరల మడతల్లో పెట్టి పంపే పొట్లాలు ఎయిర్‌పోర్టులో పట్టుబడితే తీసేసుకుంటారు.

నల్లరేగడి:
మీ దగ్గర లోపమైనది మాకు ఇక్కడ పండగ లెక్క అక్కా. ఆషాఢంలో పెట్టిన పాదు చిక్కుడు చలికాలంలో విరగకాస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయల రథం, చిక్కుడాకు మీద పరమాన్నం ఆ లెక్కన వచ్చినవే. ఏడాది పొడుగునా కాసేదైతే ఆ రోజుకి ఆ కాయ ఎందుకు?

పాత_విత్తన_ఉద్యోగి:
డాలస్ అమ్మాయికి పొద చిక్కుడు నయం. అర్క జయ్, అర్క విజయ్ పగటి పొడుగుతో సంబంధం లేకుండా పూస్తాయి. రెండూ సూటి రకాలే, కుండీలో సరిపోతాయి.

కూకట్‌పల్లి_కుండీలు:
చాలా ఉపయోగపడింది. ఆదివారానికి ఇలా రాసుకుని వెళ్దామనుకుంటున్నాను. బీర, సొర లాంటి పాదులకు మిద్దె మొత్తానికి ఒక్కోటి ఒకే నాటు లేదా సూటి రకం. వంగ, మిరప, బెండ గింజకి దాచేవాళ్లు సంచి కట్టాలి. టమాట ఎవరిష్టం వాళ్లది. విత్తనాల మార్పిడి డబ్బాలో హైబ్రిడ్ నుంచి తీసిన గింజలు వేయకూడదు. ఇంకేమైనా చేర్చాలా?

పాత_విత్తన_ఉద్యోగి:
కొనే పొట్లం మీద మొలక శాతం, పరీక్ష తేదీ, గడువు ఉన్నాయో లేదో చూడమని చేర్చండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది. ఆన్‌లైన్‌లో "వందేళ్ల నాటు" అని అమ్మే లేబుల్ లేని పొట్లాలకు నేనైతే పైసా పెట్టను. గులాబీ రంగు పూసిన గింజ కనిపిస్తే అది శిలీంద్రనాశిని, అంటే బూజు తెగుళ్ల మందు. చేతులు కడుక్కోవాలి, మిగిలినవి పిల్లలకు అందకుండా పెట్టాలి.

నల్లరేగడి:
టమాటకి మినహాయింపు నాకు నచ్చలేదు. చారుకి నాటు టమాట లేకపోతే మిద్దె తోటెందుకు? నారుమడి మీద సన్నటి కన్నుల (40 మెష్) నైలాన్ నెట్ కప్పి పెంచండి, లేత వయసులో దోమ తగలకపోతే నాటుదీ కాస్తుంది.

టమాట_మడి:
నారుకు నెట్ మంచిదే, మేమూ కప్పుతాం. నారు నాటినాక ఏం చేస్తారు సామీ? దోమ అప్పుడూ వస్తుంది. పసుపు జిగురు అట్టలు కట్టండి, ముడత కనపడిన చెట్టును జాలిపడకుండా ఆరోజే పీకి సంచిలో కట్టి పారేయండి. అప్పటికీ నాటు మీదే మనసుంటే నాలుగు టబ్బుల్లో నాటు, రెండిట్లో రక్షక్ పెట్టుకోండి.

నల్లరేగడి:
మూడు, మూడు.

కూకట్‌పల్లి_కుండీలు:
మూడు, మూడు అని రాసుకున్నా. ముళ్ల వంకాయ గింజలు కొన్ని పంపగలరా అన్నా? అడ్రసు ప్రైవేటు మెసేజ్‌లో పెడతాను.