‘ఇరుసున కందెన’.. బెట్టకా, పెట్టకా?

అమలాపురం నుంచి:
మా తాతగారి పాత రాలీ సైకిలు బాగు చేయిస్తున్నాను. కొత్త గొలుసు వేయించినా, కాలువ వంతెన ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే టకటకా ఎగురుతోంది. షాపు పెద్దాయన చమురు చుక్కలు వేస్తూ సుమతీ శతకం పద్యం అందుకుని ‘ఇరుసున కందెన..’ అని ఆగిపోయారు. అప్పట్నుంచి ఆ ముక్క నన్ను వదలడం లేదు. తర్వాతది ‘బెట్టక’నా, ‘పెట్టక’నా? గొలుసుకి రాసేది కూడా కందెనేనా? పనిలో పని, వెనక ఫ్రీవీలు, అదే గొలుసు తిరిగే పళ్ళ చక్రం, కూడా మార్చాలా?

రాజోలు నుంచి:
బెట్టక. ‘పరమేశ్వరు బండియైన బాఱదు’ అని తర్వాతి పాదం. దాన్ని ‘పారదు’ అని అచ్చేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, అక్కడుండాల్సింది బండి ఱ.

మండపేట నుంచి:
బెట్టక అన్నారు సరే, ద్రుతం, అంటే మాట చివరి ‘న్’, ఎక్కడిదండీ? ‘కందెనఁ బెట్టక’ అని అరసున్న ఉంటేనే ఆ బ నిలబడుతుంది. అది తీసేశాక పెట్టక అనే రాయాలి. గణానికి ఏదైనా ఒకటే, నాలుగు మాత్రలే.

నరసాపురం నుంచి:
అసలది ‘ఇరుసునకు అందెన’ అని నా ఎప్పటి నమ్మకం. ఇరుసుకి అందించేది అందెన.

మండపేట నుంచి:
ఇరుసు మాటే లేకుండా ‘బండికి కందెన వెయ్యరా’ అంటారు కదండీ. మరి అక్కడ క ఎక్కణ్ణుంచి వచ్చింది?

రాజోలు నుంచి:
మా ఇంట్లో వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద కట్టేవారు. వేలు పెడితే జిగురులా సాగేది, రెండ్రోజులైనా నలుపు పోయేది కాదు. కందెన అంటే అది! గొలుసుకి అలాంటిది పట్టిస్తే గట్టు మీది ఇసకంతా అంటుకుని పళ్ళని ఆకురాయిలా తినేస్తుంది. గొలుసుకి పలచటి చమురే వెయ్యాలి.

తణుకు నుంచి:
ఏవండీ, ఆయన ఫ్రీవీలు సంగతి కూడా అడిగారు. పళ్ళు ఒకపక్కకి వాలి కొడవలి మొనల్లా ఉన్నాయేమో చూడండి. ఉంటే మార్చాల్సిందే, అరిగిన పళ్ళ మీద కొత్త గొలుసు కుదరదు. పాత గొలుసు 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి, 1/8 ఎక్కువొచ్చిందంటే అది సాగిపోయినట్టే. గేర్లు లేని సైకిలు కాబట్టి 1/8 అంగుళం వెడల్పు గొలుసు, అదే వెడల్పు ఫ్రీవీలు తీసుకోండి. గేర్ల సైకిలుకి వేసే 3/32 గొలుసు ఆ లావుపాటి పళ్ళ మీద కూర్చోదు. పెడల్ ఇరుసు కప్పులు మాత్రం ఊరికే విప్పకండి. ఇంగ్లండు రాలీకి అంగుళానికి 26 మర చుట్లు, మిగతా చాలా సైకిళ్ళకి 24. బలవంతంగా బిగిస్తే ఫ్రేములో మర పోతుంది.

అమలాపురం నుంచి:
ఇప్పుడే చూశాను, కొడవళ్ళే. రేపు ఫ్రీవీలు కొంటాను. మరి బ మాట?

రాజోలు నుంచి:
శతకం రాసిన బద్దెన, ఊరి లెక్కలు రాసే కరణాల్ని ఊరికే వదలడండీ, కరణం కరణాన్ని నమ్మితే ఏమవుతుందో ఇంకో పద్యంలో చెప్పాడు. ఈ పద్యంలో కరణానికి పెట్టేదే కందెన, ఆ సొగసు చూడండి ముందు.

మండపేట నుంచి:
సొగసు ఒప్పుకుంటాను. అరసున్న లేని బ ఒప్పుకోను.