నిదానంగా టాండూ చేస్తే తుంటి లేస్తోంది, బ్యాలే తెలిసినవాళ్లు చెప్పండి

అనంత_అడుగులు:
మాది అనంతపురం. చిన్నప్పుడు 7 ఏళ్లు కూచిపూడి నేర్చుకున్నా, ఇప్పుడు 8 నెలలుగా బెంగళూరు టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో బ్యాలే. ఇంట్లో బార్ (పట్టుకుని సాధన చేసే కమ్మీ) లేదు, వరండా గ్రిల్‌కి నడుం ఎత్తులో ఉన్న అడ్డ కమ్మీ పట్టుకుని చేస్తా. పాటతో పాటు వేగంగా టాండూలు (ఒక కాలి మీద నిలబడి రెండో కాలిని నేల మీద రాస్తూ చాపి వెనక్కి తేవడం) చేస్తే బాగానే వస్తాయి. మొన్న టీచర్ కాలు 4 లెక్కలకు బయటికి, 4 లెక్కలకు లోపలికి అన్నారు, ఇంక చూడండి, తుంటి పైకి లేస్తోంది, పాదం లోపలికి వంకర పోతోంది, కమ్మీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అరచేతిలో అచ్చు పడింది. రోజుకు 40 నిమిషాలు చేస్తున్నా. ఇంకా పెంచాలా?

పెన్నా_ఒడ్డు:
పెంచొద్దండి. మీరు చాపే కాలినే చూస్తున్నట్టున్నారు, నేనూ కడపలో ఏడాది పాటు అదే చేశా. నిలబడిన కాలిని చూడండి. వేగంగా చేస్తే బరువు దాని మీదికి పూర్తిగా చేరకముందే రెండో కాలు తిరిగొచ్చేస్తుంది, అందుకే తేడా తెలియదు. నిదానంగా చేసినప్పుడు బరువంతా ఆ ఒక్క కాలే మోయాలి, అది మోయలేకపోతే తుంటి లేస్తుంది, చెయ్యి కమ్మీని పట్టేస్తుంది. ఇంకోటి, మీ కాలు అందే దూరం కన్నా ముందుకు చాపినా తుంటి కదులుతుంది.
టాండూ అంటే ఫ్రెంచ్‌లో సాగదీసినది అని. ముందుకు పోయేటప్పుడు మడమ దారి తీయాలి, అరికాలు నేలను రాస్తూ పోవాలి, మడమ లేచాక ముందరి పాదం లేస్తుంది, చివరికి వేళ్ల కొనలే నేల మీద ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు వేళ్లు ముందు. మా ఇంట్లో కింద కడప బండలే, ఫ్యాన్ ఆపేసి చేస్తే అరికాలు రాసుకునే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు మధ్యలో తెగిందంటే అక్కడ బరువు చాపిన కాలిమీదికి జారినట్టే.

కర్నూలు_గజ్జెలు:
అమ్మా, నేను 20 ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నా, మా అమ్మాయి బ్యాలే చేస్తుంది. అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) అలవాటున్న పిల్లలు ఫస్ట్ పొజిషన్‌లో (మడమలు కలిపి పాదాలు బయటికి విప్పి నిలబడేటప్పుడు) మోకాళ్లు వంచి, పాదాలను అడ్డగీతలా పెట్టేసి, ఆ తర్వాత కాళ్లు నిటారు చేస్తారు. అప్పుడు మెలి పడేది మోకాలికి. ముందే మోకాళ్లు నిటారుగా పెట్టి, మడమలు కలిపి, తొడలను తుంటి దగ్గర్నుంచి తిప్పు, పాదాలు ఎంత విచ్చుకుంటే అంతే చాలు. మోకాలు నొప్పి పెడితే ఆ రోజుకు ఆపెయ్. ఒకటో కాలంలో (నిదానపు వేగంలో) కుదరని అడుగు మూడో కాలంలో (బాగా వేగంగా చేసినప్పుడు) కుదిరినట్టు కనిపిస్తుందని మీ కూచిపూడి గురువు కూడా చెప్పే ఉంటారు కదా.

బార్_పక్కన:
చెయ్యి కమ్మీ మీద ఊరికే ఆనాలి, భుజానికి కాస్త ముందుగా. కాలు పూర్తిగా చాపినప్పుడు చేతి వేళ్లు కమ్మీ మీంచి ఎత్తి చూడండి. ఒళ్లు ఊగిందంటే బరువు చేతి మీద వేశారన్నమాట.

అనంత_అడుగులు:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి ఫ్యాన్ ఆపి చేశా. కుడి కాలి మీద నిలబడితే చప్పుడు తెగకుండా వచ్చింది, ఎడమ కాలి మీద మాత్రం మూడో లెక్క దగ్గర ఆగుతోంది. కిందికి చూస్తే ఆ పాదం బొటనవేలు కాస్త లేచి ఉంది, ఇన్ని నెలల్లో ఒక్కసారీ గమనించలేదు. పాదాలు తక్కువగా విప్పి పెట్టుకున్నా అక్కా, మోకాలికి హాయిగా ఉంది. ఒక్కో వైపు 8 టాండూలే చేశా, ఈ వారమంతా ఇంతే చేస్తా.