ఆఫీసు పని మీద వెళ్ళిన ఊళ్ళో ఉచిత ప్రివ్యూలకు వెళ్ళవచ్చా?

సంచారి (ప్రశ్న):

పని మీద తరచుగా పెద్ద నగరాలకు వెళ్ళవలసి వచ్చే ఉద్యోగం నాది. పగలంతా సమావేశాలతోనే సరిపోతుంది కానీ, సాయంత్రం హోటల్ గదికి చేరాక తోచదు. త్వరలో నేను వెళ్ళబోయే నగరంలో, ఇంకా విడుదల కాని ఒక సినిమాకు ఉచిత పాసులు ఇస్తున్నట్లు ఈ మధ్యనే చూశాను. సినిమా అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం కనుక మనసు అటే లాగుతోంది. అయితే పాసు చేతిలో ఉంటే సీటు ఖాయమేనా, ఆ ఊరివాళ్ళు కానివారిని రానిస్తారా, కంపెనీ ఖర్చుతో వెళ్ళినవాడు ఇలా సినిమాకు పోవడం సబబేనా అన్న సందేహాలు తీరడం లేదు. సమావేశం ముగియగానే అటునుంచి అటే థియేటర్‌కు వెళ్ళాలి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటివరుస:

సీటు సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది నిరాశపడేది అక్కడే. పాసు దొరికినంత మాత్రాన సీటు దొరికినట్లు కాదు. డబ్బు పెట్టి కొన్నది కాదు కనుక పాసు తీసుకున్నవారిలో ఎంతోమంది చివరి నిమిషంలో రారని నిర్వాహకులకు తెలుసు. కుర్చీలు ఖాళీగా ఉంటే ప్రచారం కోసం వేసే ఆటకు అర్థమే ఉండదు కనుక, హాలులో పట్టేవారి కంటే ఎక్కువమందికి కావాలనే పాసులు పంచుతారు. ముందు వచ్చినవారికే ప్రవేశమనీ, సీటుకు హామీ లేదనీ పాసు మీద చిన్న అక్షరాలలో రాసే ఉంటుంది. దానికి తోడు, చూడడానికి అనువైన మధ్య వరుసలలో కొన్ని కుర్చీలకు ముందే కాగితాలు అంటించి ఉంటాయి. అవి విమర్శకులకు, పత్రికలవారికి, పాసులు పంచిపెట్టిన సంస్థలవారికి కేటాయించినవి. ఏడు గంటల ఆటకు ఐదున్నరకే క్యూలో నిలబడగలిగితే నిశ్చింతగా ఉండవచ్చు. పేరున్న తారల సినిమా అయితే ఇంకా ముందే వెళ్ళాలి. సమావేశం ఆరింటికి ముగిసే రోజున ఈ ఆశ పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మీరు ఆ ఊరివారు కాకపోవడం వల్ల ఇబ్బందేమీ లేదు. ఒకే సినిమాకు ఒకే రోజున అనేక నగరాలలో ప్రదర్శనలు వేస్తుంటారు కనుక, పాసు తీసుకునేటప్పుడు మీ ఇల్లున్న నగరాన్ని కాక ఆ సాయంత్రం మీరుండబోయే నగరాన్ని ఎంచుకోండి. ప్రయాణం రద్దయితే పాసును కూడా వెంటనే రద్దు చేయండి, మరొకరికి పనికివస్తుంది.

రాత్రిబండి:

సంచారి గారూ, అటునుంచి అటే వెళ్తానన్నారు కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మీ చేతిలో ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంటుంది కదా? దొంగచాటుగా చిత్రీకరిస్తారన్న భయం ఎక్కువ కనుక, విడుదలకు ముందు వేసే ఆటలలో తనిఖీ గట్టిగా ఉంటుంది. కెమెరా ఉన్న ఏ పరికరాన్నీ లోపలికి పంపని సందర్భాలు ఉన్నాయి. ఫోన్ అయితే ఒక కవరులో పెట్టి, సీలు వేసి, మీ చేతికే తిరిగి ఇస్తారు, లేదా గుమ్మం దగ్గర తీసుకుని చీటీ ఇస్తారు. ల్యాప్‌టాప్‌ను దాచిపెట్టే ఏర్పాటు చాలా థియేటర్లలో ఉండదు. అప్పుడు క్యూ వదిలి వెనక్కి వెళ్ళడమో, కంపెనీ సమాచారమంతా ఉన్న యంత్రాన్ని ముక్కూ మొహం తెలియని మనిషి బల్ల మీద వదలడమో, రెండే దారులు మిగులుతాయి. రెండోది చాలా కంపెనీల నిబంధనలకు విరుద్ధం. ముందుగా హోటల్‌కు వెళ్ళి, ల్యాప్‌టాప్‌ను గదిలోని లాకరులో పెట్టి, గుర్తింపు కార్డు, పాసు, ఫోన్ మాత్రమే తీసుకుని వెళ్ళండి. రెండు గంటలకు పైగా ఫోన్ అందుబాటులో ఉండదు కనుక, రాత్రి అత్యవసర కాల్స్ చూసుకునే వంతు మీదైన రోజున ఆ ఆలోచనే వద్దు.

తెరవెనుక:

పై ఇద్దరూ చెప్పింది ప్రచార ప్రదర్శనల గురించి. ఇదికాక మరో రకం ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం: సినిమా ఇంకా పూర్తి కాకముందే ప్రేక్షకుల స్పందన తెలుసుకోవడానికి వేసే టెస్ట్ స్క్రీనింగ్. అమెరికన్ స్టూడియోలలో ఇది ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి. దీనికి వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి, ఇదివరకు చూసిన సినిమాలను బట్టి మనుషులను ఎంచుకుంటారు. సినిమా, మీడియా, మార్కెట్ పరిశోధన రంగాలలో పనిచేసేవారిని సాధారణంగా రానివ్వరు కనుక మీ ఉద్యోగం గురించి అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. గ్రాఫిక్స్ సగంలో ఉండవచ్చు, రీరికార్డింగ్‌కు బదులు మరో సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా వాడి ఉండవచ్చు. ఆట అయ్యాక ఒక ప్రశ్నపత్రం చేతికిస్తారు. సినిమా ఎలా ఉంది, ఎక్కడ సాగదీసినట్లు అనిపించింది, ముగింపు నచ్చిందా, మరొకరిని చూడమని చెబుతారా అన్నవి అందులో ఉంటాయి. కొద్దిమందిని ముందు వరుసలలో కూర్చోబెట్టి మరికాసేపు మాట్లాడిస్తారు.

ఆ కాగితాన్ని తేలికగా తీసుకోవద్దని మనవి. 1987లో వచ్చిన 'ఫేటల్ అట్రాక్షన్'కు మొదట తీసిన ముగింపు టెస్ట్ ప్రేక్షకులకు రుచించకపోవడం వల్లనే, పతాక సన్నివేశాన్ని పూర్తిగా మార్చి మళ్ళీ చిత్రీకరించారు. ఆ మార్పు మంచిదా కాదా అన్న వాదన నేటికీ ఉంది కానీ, హాలులో కూర్చున్న మామూలు మనుషుల మాటకు ఎంత విలువ ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. బాగుంది అని ఒక్క ముక్క రాసి లేచిపోవడం కంటే, ఏ సన్నివేశంలో మనసు పక్కకు పోయిందో రాయడం వారికి ఎక్కువ ఉపయోగపడుతుంది. చూసినదాని గురించి బయట మాట్లాడబోమని సంతకం కూడా తీసుకుంటారు. దాన్ని తప్పక పాటించాలి. సగం వండిన సినిమా మీద తీర్పు బయటకు పొక్కితే, దానిమీద ఏళ్ళు వెచ్చించినవారికి అన్యాయం జరుగుతుంది.

సంచారి:

ముగ్గురికీ ధన్యవాదాలు. నేను చూసిన ప్రకటనను బట్టి నాది ప్రచార ప్రదర్శనే అయి ఉంటుంది. ల్యాప్‌టాప్ విషయం అసలు నా ఆలోచనలోకే రాలేదు. కంపెనీ ఖర్చు సంగతి ఎవరూ చెప్పలేదు; దానిమీద మీ అభిప్రాయం కూడా తెలుపగలరు.

రాత్రిబండి:

పనివేళలు ముగిశాక మీ సాయంత్రం మీది, అందులో తప్పేమీ లేదు. థియేటర్‌కు వెళ్ళివచ్చే టాక్సీ ఖర్చును మాత్రం కంపెనీ లెక్కలో రాయకండి. ఆ సాయంత్రం అక్కడివారు భోజనానికి పిలిస్తే సినిమా వదులుకోవడమే మర్యాద. ఇక మీ కంపెనీకీ ఆ సినిమా తీసిన సంస్థకూ వ్యాపార సంబంధం ఉంటే, ఉచిత పాసు కూడా కానుకల నిబంధన కిందకు రావచ్చు కనుక, తీసుకునే ముందే మీ మేనేజర్‌కు ఒక మెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి.