బీఫార్మ్ అయ్యాక ఎంఫార్మ్ చదవడం దండగా? గుంటూరు, బెజవాడ వాళ్లు చెప్పండి

స్రవంతి_ఫైనలియర్ (గుంటూరు):
అన్నయ్యలకీ అక్కయ్యలకీ నమస్తే. నాది బీఫార్మ్ (ఫార్మసీ డిగ్రీ) ఆఖరి సంవత్సరం. ఇంట్లో రోజూ ఇదే చర్చ. "ఎంఫార్మ్ (ఫార్మసీ పీజీ) అంటే రెండేళ్లు దండగ, హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక కంపెనీలో చేరిపో" అంటాడు మామయ్య. అమ్మకేమో నా పేరు ముందు డాక్టర్ అని ఉండాలని, ఫార్మ్‌డీ పీబీలో (బీఫార్మ్ తర్వాత చేసే ఫార్మసీ డాక్టర్ కోర్సు) చేరమంటుంది. నాన్న కొత్తపేటలో మందుల ఏజెన్సీలో బిల్లింగ్ చేస్తారు. ఆయన ఏమీ అనట్లేదు గానీ మనసులో ఉన్నది ఫీజు గురించే. నాకు ఫార్మాస్యూటిక్స్ (మందుని మాత్రలా, సిరప్‌లా తయారు చేసే సబ్జెక్టు) అంటే ఇష్టం, ఎంఫార్మ్ ప్రవేశ పరీక్ష జీపాట్‌కి చదువుతున్నా. ఏం చెయ్యమంటారు?

క్యూసీ_రమణ (జీడిమెట్ల, సొంతూరు తెనాలి):
మీ మామయ్య చెప్పిందే నిజం చెల్లెమ్మా. మా క్యూసీ ల్యాబ్‌లో (మందుల నాణ్యత పరీక్షించే చోటు) నాకు ఒక పక్క ఎంఫార్మ్ అనాలిసిస్ చేసినమ్మాయి, ఇంకో పక్క ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కుర్రాడు, మధ్యలో బీఫార్మ్‌తో నేను. ముగ్గురం చేసేది అవే డిసొల్యూషన్ (మాత్రలోంచి మందు ఎంత విడుదలవుతుందో చూసే పరీక్ష) శాంపిళ్లు, అదే హెచ్‌పీఎల్‌సీ (మందు ఎంతుందో కొలిచే మెషీన్). ముందు చేరాను కాబట్టి ఇప్పుడు వాళ్ల డేటా రివ్యూ చేసేది నేను. కంపెనీ మారేటప్పుడు ఇంటర్వ్యూలో నా డిగ్రీ గురించి ఎవరూ అడగలేదు. ఓఓఎస్ (ఫలితం పరిమితి దాటడం) వస్తే మొదట ఏం చూస్తావు, మెషీన్ గ్రాఫులో పీక్‌కి టెయిలింగ్ (తోకలా సాగడం) ఎందుకొస్తుంది అని అడిగారు. అవన్నీ నేను బెంచి దగ్గర నేర్చుకున్నవే.

లక్ష్మి_ఫార్మాస్యూటిక్స్ (విజయవాడ):
రమణ గారూ, మీరన్నది క్యూసీ వరకూ నిజమే. ఆ అమ్మాయి ఇష్టమని చెప్పింది ఫార్మాస్యూటిక్స్. ఫార్ములేషన్ ఆర్ అండ్ డీ (మందు తయారీ పరిశోధన) ఉద్యోగ ప్రకటనలు ఒక్కసారి తిరగెయ్యండి, మామూలుగా ఎంఫార్మే అడుగుతారు. అక్కడి పని తీరు వేరు మరి. మాత్రలోంచి మందు 30 నిమిషాల్లో 80 శాతం విడుదల కావాలి, 55 దగ్గర ఆగిపోయింది అనుకోండి. మెగ్నీషియం స్టియరేట్ (పొడి మెషీన్‌కి అంటుకోకుండా కలిపేది) వేశాక బ్లెండర్ ఎక్కువసేపు తిప్పారా? గ్రాన్యూల్ తడి ఎక్కువై గట్టిపడిందా? ఏపీఐ (అసలు మందు పదార్థం) రేణువుల సైజు ఈ లాట్‌లో మారిందా? క్యూసీ వాళ్లు ఫెయిల్ అని రాసి పంపిన చోట ఫార్ములేషన్ వాళ్ల పని మొదలవుతుంది. అలా ఆలోచించడం అలవడాలంటే రెండేళ్లు ఒకే సమస్య మీద కూర్చోవాలి. నేను పాఠం చెప్పే పిల్లల్లో ఆ తేడా కళ్లారా చూస్తున్నాను.

స్రవంతీ, మీ నాన్నగారికి ఈ లెక్క చూపించమ్మా. జీపాట్‌లో అర్హత వచ్చి ఎంఫార్మ్‌లో చేరితే ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) స్కాలర్‌షిప్ నెలకు 12,400 రూపాయలు, 24 నెలలు. మొత్తం 2,97,600. కాలేజీ ఆ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో చేరకముందే కనుక్కో. పరీక్ష 2024 నుంచి ఎన్‌బీఈఎంఎస్ (కేంద్ర వైద్య పరీక్షల బోర్డు) పెడుతోంది: 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పు జవాబుకి ఒక మార్కు కోత. నైపర్‌లో (కేంద్ర ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ) ఎంఎస్ ఫార్మ్‌కి కూడా ముందు జీపాట్ ఉండాలి, ఆపైన వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష నైపర్ జేఈఈ రాయాలి. హైదరాబాద్ బాలానగర్‌లో నైపర్ ఉండగా మన పిల్లలు ఆ పరీక్షకి దరఖాస్తు కూడా పెట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది. జీపాట్ రాకపోతే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీఈసెట్ ఉంది. కానీ జీపాటూ లేకుండా, ల్యాబూ సరిగా లేని చోట అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు తీసుకోవడం మాత్రం వద్దు. అక్కడ నేను రమణ గారి పక్షమే.

ఫార్మ్‌డీ_అనిత (గుంటూరు):
అమ్మగారికి నా మాటగా చెప్పు చెల్లీ, పేరు ముందు రెండక్షరాల కోసం ఈ కోర్సులో చేరొద్దు. వార్డులో పని నచ్చితేనే చేరాలి. ఇంటర్న్‌షిప్‌లో ఒక పెద్దావిడ చిగుళ్ల నుంచి రక్తం ఆగట్లేదని అడ్మిట్ అయింది. గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే కొలత) 6 దాటింది, అంటే రక్తం మరీ పలచబడింది. కేస్ షీట్‌లో మందులన్నీ సరిగానే ఉన్నాయి. నేను వాళ్లమ్మాయి చేతిసంచి తియ్యమని ఒక్కొక్క స్ట్రిప్పూ చూస్తే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ దొరికింది, పన్ను నొప్పికి బయట రాయించుకున్నారట. అది వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచేస్తుంది. పీజీ డాక్టర్ గారికి చూపించాను, వెంటనే ఆపించారు. ఆ సంచి తెరిపించడమే నా చదువు.

పీబీ అంటే మూడేళ్లు: రెండేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. పీసీఐ (ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ఫార్మ్‌డీని 2008లో తెచ్చింది. ఇన్నేళ్లయినా ప్రభుత్వాసుపత్రుల్లో మాకంటూ పోస్టులు లేనట్టే. ప్రైవేటులో ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రి నాణ్యతా గుర్తింపు) కోసం క్లినికల్ ఫార్మసిస్టుని పెట్టుకుంటారు గానీ జీతం చూసి చాలామంది నిలబడరు. నా బ్యాచ్‌లో ఎక్కువమంది ఫార్మకోవిజిలెన్స్‌కి (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసి పరిశీలించే పని) వెళ్లిపోయారు.

క్యూసీ_రమణ:
అనిత గారూ, ఫార్మకోవిజిలెన్స్‌కి బీఫార్మ్ వాళ్లనీ తీసుకుంటున్నారు కదండీ. మరి ఆ మూడేళ్లు దేనికి?

ఫార్మ్‌డీ_అనిత:
చేరేటప్పుడు ఒకే సీటు, ఒప్పుకుంటాను. ఆ మందుకీ ఈ లక్షణానికీ సంబంధం ఉందా అని తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం, రోగిని చూసినవాళ్లకీ ఫారం మాత్రమే చూసినవాళ్లకీ తేడా తెలుస్తుంది. ఆ తేడాకి జీతం పెంచట్లేదు, నా కోపం అదే.

బెజవాడ_న్యూజెర్సీ:
అమెరికా ఆశ ఉంటే ఒక సంగతి ముందే తెలుసుకోండి. 2003 జనవరి 1 నుంచి పట్టా తీసుకున్నవాళ్లకి ఎఫ్‌పీజీఈఈ (విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లు ఇక్కడ లైసెన్సు కోసం రాసే పరీక్ష) రాయాలంటే కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. మన బీఫార్మ్ నాలుగేళ్లే. ఇక్కడికొచ్చి ఎంఎస్ చేసినంత మాత్రాన ఫార్మసిస్టు లైసెన్సు దారి తెరుచుకోదు. ఎంఎస్‌తో కంపెనీ ఉద్యోగాలు వెతుక్కోవచ్చు, చదువయ్యాక పనిచేసే అనుమతి ఓపీటీ ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సులు) కింద ఇంకో 24 నెలలు. బెంజి సర్కిల్ కన్సల్టెన్సీలో ఎవరైనా "ఎంఎస్ చేస్తే ఫార్మసిస్టువి అయిపోతావు" అంటే లేచి వచ్చేయండి.

గవర్నర్‌పేట_మెడికల్స్:
అమ్మా, నేను పెద్దవాణ్ణి, మందుల షాపు నడుపుతాను. ఏం చదివినా సరే, నీ ఫార్మసిస్టు సర్టిఫికెట్ మాత్రం ఎవరికీ అద్దెకివ్వకు. నెలకి కొంత చేతిలో పెడతామని వస్తారు. ఎవరో తెలియని కుర్రాడు కౌంటర్లో తప్పు మందిస్తే అక్కడ గోడకున్నది నీ పేరు. ఇంకో విషయం, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి ఫార్మసీ డిగ్రీ చాలు. నోటిఫికేషన్లు అరుదుగా పడతాయి గానీ మన పిల్లలు దాన్ని మర్చిపోకూడదు.

స్రవంతి_ఫైనలియర్:
అందరికీ చాలా థాంక్స్. లక్ష్మి మేడమ్, ల్యాబ్ బాగుందో లేదో బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? వెళ్తే అన్ని కాలేజీల్లోనూ మెషీన్లు అద్దాల గదిలో మెరుస్తూనే కనిపిస్తున్నాయి.

లక్ష్మి_ఫార్మాస్యూటిక్స్:
మెషీన్ చూడకమ్మా, దాని పక్కన ఉండే లాగ్‌బుక్ అడుగు. ఏ తేదీన, ఏ కాలమ్ (శాంపిల్ వెళ్లే గొట్టం) మీద, ఎవరు శాంపిల్ ఇంజెక్ట్ చేశారో అందులో రాసి ఉండాలి. ఇన్‌స్పెక్షన్ ముందు వారం తప్ప మిగతా పేజీలు ఖాళీగా ఉంటే ఆ మెషీన్ నీది కాదు. తర్వాత సీనియర్లని విడిగా కలిసి, ప్రాజెక్టు డేటా ఎక్కడ తీశారని అడుగు. మూడు, నాలుగు సెమిస్టర్లు దాదాపు అంతా ప్రాజెక్టే. మెషీన్ పనిచెయ్యకపోతే పిల్లలు బయట ల్యాబులకి డబ్బు కట్టి డేటా తెచ్చుకుంటారు. ఆ థీసిస్ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లి, మొబైల్ ఫేజ్ (మెషీన్‌లో పారే ద్రావణం) పీహెచ్ 3.5 ఎందుకు పెట్టావు అంటే నోరు పెగలదు. లాగ్‌బుక్ చూపించం అంటే అదీ ఒక జవాబే.

క్యూసీ_రమణ:
లాగ్‌బుక్ మాట నూటికి నూరు పాళ్లు నిజం మేడమ్, మా ఆడిటర్లు మొదట అడిగేదీ అదే. నా మాట మాత్రం నేను మార్చుకోను. చెల్లెమ్మా, జీపాట్ వస్తే సంతోషంగా వెళ్లు. రాకపోతే కౌన్సెలింగ్ కోసం నెలల తరబడి ఇంట్లో కూర్చోకు, రెజ్యుమె నాకు పంపు. మా దగ్గర ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు కబురు చేస్తా. ఈలోగా డిసొల్యూషన్, అస్సే (మాత్రలో మందు ఎంతుందో తేల్చే) లెక్కలు కాలిక్యులేటర్ లేకుండా చెయ్యడం అలవాటు చేసుకో, రాత పరీక్షలో అవే ఇస్తున్నారు.