సీల్స్ మీద పీజీ రీసెర్చ్: రక్తం శాంపిళ్ళా, లెక్కింపా? తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్తకెరటం
అందరికీ నమస్కారం. వెటర్నరీ డిగ్రీ అయింది, స్కాట్లాండ్‌లో ఏడాది మాస్టర్స్‌కి సీటొచ్చింది. ప్రాజెక్టుకి రెండు దారులు చూపించారు. ఒకటి హార్బర్ సీల్స్ అనే సముద్ర జంతువుల రక్తంలో, బ్లబ్బర్‌లో (చర్మం కింది కొవ్వులో) పీసీబీల్లాంటి పారిశ్రామిక విషాలు చూడటం. రెండోది ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో సీల్స్ లెక్కపెట్టడం. నా మనసు మొదటిదాని మీదుంది. పీహెచ్‌డీకి ఏది మేలు? మత్తు ఇవ్వడం ముందే వచ్చుండాలా? చలికి ఎలాంటి బట్టలు కొనాలి? ఇంట్లోవాళ్ళు సీల్ అంటే ముద్రలు వేసే ఉద్యోగమా అంటున్నారు, అది వేరే గొడవ.

ఫ్రీజర్‌బాధితుడు
తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. మైనస్ 80 ఫ్రీజర్‌కి అలారం ఉందా లేదా, ముందు అది కనుక్కో. మా ల్యాబ్‌లో లేదు. శనివారం కరెంటు పోయింది, సోమవారం పొద్దున తలుపు తీస్తే రెండు సీజన్ల బ్లబ్బర్ మెత్తబడి నూనె ఓడుతోంది. పీసీబీలైతే మొండి పిండాలు, కరిగినా ఎక్కడికీ పోవు. నాది ఆర్ఎన్ఏ పని. మొత్తం గంగలో కలిసింది. ఎవరి తప్పని అడిగితే అందరూ పైకప్పు చూశారు.

పన్నెండేళ్ళడాక్టర్
సీల్స్‌ని పట్టుకోవడం నాకు పన్నెండేళ్ళుగా అలవాటు కాబట్టి చెప్తున్నా. బ్రిటన్‌లో బతికున్న జంతువుకి సూది గుచ్చాలంటే 1986 చట్టం కింద నీ పేరు మీద లైసెన్సు ఉండాలి. ఏడాది కోర్సులో అది చేతికొచ్చేసరికి సీజన్ దాటిపోతుంది. ఎవరో తీసిన శాంపిళ్ళే నీకిస్తారు, ఆశలు పెట్టుకోకు. ఇక మత్తు. కుక్కకి ఇచ్చినట్టు ఇస్తానంటే కుదరదు. సీల్‌కి మునిగే అలవాటు ఒంట్లోనే ఉంది, మత్తులో ఊపిరి బిగబట్టేస్తుంది. పక్కన ట్యూబు పట్టుకుని నిలబడాలి. రక్తం వెన్నుపూసల మధ్య నుంచి తీస్తాం. కాలి నరం కోసం వెతికే కుర్రాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.
గ్లవ్స్ మాత్రం మరవకు. సీల్ నుంచి సోకే సీల్ ఫింగర్ జబ్బు వస్తే వేలు వంకాయలా వాస్తుంది. పెన్సిలిన్ పనిచేయదు, టెట్రాసైక్లిన్ జాతి మందు కావాలి. డాక్టరుకి నువ్వే చెప్పాలి, వాళ్ళకి తెలీదు.

లెక్కలక్క
"లెక్కపెట్టడం" అని అంత తేలిగ్గా అనేశావే! ఆగస్టులో బొచ్చు రాల్చే రోజుల్లో, పాటు వేళ, హెలికాప్టర్‌కి వేడి కెమెరా కట్టి తిరుగుతారు. అప్పుడు కూడా నూటికి 72 దాకానే ఒడ్డున ఉంటాయి, మిగతావి నీళ్ళలోనే. ఆ సవరణే అసలు సైన్సు. స్కాట్లాండ్‌లోనే టే నది ముఖద్వారంలో ఒకప్పుడు 600 పైచిలుకు హార్బర్ సీల్స్ లెక్కకొచ్చేవి, ఆ తర్వాత 50 దాటడమే గగనమైంది. ఆ సంగతి తెలిసింది లెక్కలవల్లే, నీ రక్తం గొట్టాలవల్ల కాదు.

మీసాలరాయుడు
ఎవరూ మీసాల గురించి మాట్లాడరేం? ఒక్క మీసం కోసి ఐసోటోపులు చూస్తే నెలల తరబడి ఏం తిందో తెలుస్తుంది. జంతువుకి నొప్పి కూడా ఉండదు.

లెక్కలక్క
రాయుడుగారూ, సీ లయన్ మీసమైతే ఏళ్ళ తరబడి ఊడదు, మీ మాట చెల్లుతుంది. సీల్స్‌కి అది ఊడుతుంది, పెరిగేదీ ఒకే వేగంతో కాదు. ఏ మిల్లీమీటరు ఏ నెలదో ఎలా చెప్తారు?

మీసాలరాయుడు
చెప్తాం. పేపరు రానివ్వండి.

పాతథీసిస్
టే నది మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. అక్కడ తగ్గడానికి ఓడల ప్రొపెల్లర్లు ఎంత కారణమో ఎవరూ చెప్పరేం? చచ్చిన సీల్స్ మీద ముక్కు దగ్గర మొదలై ఒళ్ళంతా మెలి తిరిగిన ఒకే గాయం. అంచులు కత్తితో కోసినంత నున్నగా ఉండేవి. 2010 ప్రాంతంలో అందరూ అదే అన్నారు.

పన్నెండేళ్ళడాక్టర్
ఇంకా ఆ పాటేనా! 2014 డిసెంబరులో స్కాట్లాండ్ మే దీవిలో మగ గ్రే సీల్ ఒకటి తన జాతి పిల్లల్నే చంపి తింటుంటే కళ్ళారా చూశారు. కళేబరాల మీద గాయాలు అచ్చు అవే. జర్మనీ దీవి హెల్గోలాండ్‌లో గ్రే సీల్ హార్బర్ సీల్స్‌నీ అలాగే చంపింది.

పాతథీసిస్
ఒక దీవిలో ఒక జంతువు చేసిందని తీరమంతా దానికే అంటగడతారా? నమూనా ప్రొపెల్లర్లతో పరీక్షలు చేసి చూపించారు. నేను రెండేళ్ళు కళేబరాలు కొలిచాను. కంపులో. మీరు ఎన్ని కొలిచారు?

పన్నెండేళ్ళడాక్టర్
ప్రొపెల్లర్‌తో అలాంటి గాయం చేయవచ్చని చూపించారు. అది చేసిందని కాదు. ఈ రెంటికీ తేడా తెలియకుండా థీసిస్ ఎలా పాసయ్యారో!

పాతథీసిస్
నోరు జాగ్రత్త. ప్రొపెల్లర్‌ని పూర్తిగా కొట్టిపారేయలేమని తర్వాత కూడా రాశారు. అది చదివే తీరిక ఉండదు మీలాంటివాళ్ళకి.

లెక్కలక్క
ఇద్దరూ కాస్త తగ్గండి. ఓడే అన్న రోజుల్లో పడవలవాళ్ళ మీద ఒత్తిడి వచ్చింది, గ్రే సీల్ అన్నాక అందరూ చేతులు దులుపుకున్నారు. నాకు కోపం అక్కడ. టే నదిలో తగ్గుదలకి గాయాలొక్కటే ఏమిటి, నాచు విషం డొమోయిక్ ఆసిడ్ కూడా అనుమానంలో ఉంది, తిండి పోటీ కూడా.

అలజడి
వైరస్ మాట ఎత్తరేంటి? 1988లోనూ 2002లోనూ డిస్టెంపర్ డెన్మార్క్ అన్‌హోల్ట్ దీవిలోనే మొదలైంది. రెండోసారి సుమారు 30,000 చచ్చాయి. 2023లో అర్జెంటీనా వాల్డెస్‌లో బర్డ్ ఫ్లూకి ఆ ఏడు పుట్టిన ఎలిఫెంట్ సీల్ పిల్లలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మీరు ఇంకా మెలిక గాయం దగ్గరే ఉన్నారు.

మీసాలరాయుడు
మీసాల్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా చూడొచ్చు.

కొత్తకెరటం
అందరికీ థాంక్స్. లైసెన్సు సంగతి తెలీదు, నిన్న గైడ్‌ని అడిగితే నిజమే అన్నారు. దాచిపెట్టిన పాత శాంపిళ్ళు ఇస్తారట. వాటిల్లో విషాలు చూసి, లెక్కలక్కగారు చెప్పిన తగ్గుదలతో పోల్చమన్నారు. అంటే లెక్కలు తప్పేలా లేవు. బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్కలక్క
లెక్కలకి వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో, ఇప్పట్నుంచే.

ఫ్రీజర్‌బాధితుడు
పాత బట్టలు వేసుకెళ్ళు, సీల్ రెట్ట కంపు ఎన్ని ఉతుకులకీ వదలదు. ఇంతకీ పాత శాంపిళ్ళు అన్నావు కదా. ఎక్కడ పెట్టారు? అలారం ఉందా?